ఆస్పత్రి మురుగుకు ఎండ వైద్యం

సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర వేసుకుంటే అందులో దాదాపు సగం మందు ఏ మార్పూ లేకుండా మూత్రంలో బయటికి వచ్చేస్తుంది. రాయలసీమ నలుమూలల నుంచి రోగులు వచ్చే తిరుపతిలో ఆ మందంతా ఎటు పోతోందన్నది మనం అడగాల్సిన ప్రశ్న. మామూలు మురుగునీటి శుద్ధి కేంద్రాలను మలినాలు తగ్గించడానికి కట్టారు తప్ప యాంటీబయాటిక్స్‌ను విడగొట్టడానికి కాదు. మిగిలిన మందు కాలువల్లో కొద్దికొద్దిగా చేరుతూ ఉంటే బ్యాక్టీరియా దానికి అలవాటు పడుతుంది. మందులకు లొంగని ఇన్‌ఫెక్షన్ల వల్లే 2019లో ప్రపంచమంతటా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరులో, మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్టు 2007లో తేలింది. చికిత్సలో ఉన్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఊరి మురుగులో మోతాదు దీనికంటే చాలా తక్కువే. అయినా నిరోధకత పెరగడానికి తక్కువ మోతాదు కూడా చాలు.

వెలుతురు పడితే రసాయన చర్యను నడిపించే పదార్థాలపై, అంటే కాంతి ఉత్ప్రేరకాలపై, మాకు ఆశ కలుగుతున్నది ఇక్కడే. తెల్లరంగుల్లో వాడే టైటానియం డయాక్సైడ్ మీద అతినీలలోహిత కిరణాలు పడితే నీటిలో హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే, దేనితోనైనా చప్పున చర్య జరిపే కణాలు పుడతాయి. అవి మందు అణువులను ముక్కలు చేస్తాయి. ఉత్ప్రేరకం మాత్రం ఖర్చయిపోదు. ఇబ్బందల్లా సూర్యకాంతిలో ఆ కిరణాలు సుమారు 5 శాతమే ఉండటం. అందుకే మామూలు వెలుతురులోనూ పనిచేసే కార్బన్ నైట్రైడ్, బిస్మత్ వెనడేట్ లాంటి పదార్థాలపై పరిశోధనలు సాగుతున్నాయి.

అయితే ల్యాబ్‌లో స్వచ్ఛమైన నీటిలో ఒక మందు కలిపి, అది మాయమైందని చూపిస్తే సరిపోదు. అసలు మురుగులో సబ్బు, ఉప్పు, సేంద్రియ పదార్థం అన్నీ ఉంటాయి. రాడికల్స్ మందు దాకా వెళ్లకముందే వాటితో చర్య జరిపి ఖర్చయిపోతాయి. పొడిగా వేసిన ఉత్ప్రేరకాన్ని మళ్లీ నీటిలోంచి తీయడం ఇంకో తలనొప్పి. అన్నిటికంటే మాకు టెన్షన్ కలిగించేది, సగంలో విరిగిన అణువులు. మందు పోయిందని సంబరపడేలోపే, దాని ముక్కలు ఇంకా విషంగానే ఉండొచ్చు.

ఎస్వీ యూనివర్సిటీ, ఐఐటీ, సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్, స్విమ్స్ ఆస్పత్రి, పశువైద్య విశ్వవిద్యాలయం అన్నీ తిరుపతిలోనో, దాని పక్కనో ఉన్నాయి. ఇవి కలిసి ఒక పెద్దాస్పత్రి మురుగు గొట్టం దగ్గరే, అది ఊరి మురుగులో కలవకముందే, చిన్న ప్లాంటు పెట్టి చూడాలని మేం కోరుతున్నాం. ఉత్ప్రేరకాన్ని పలకలకు అంటించి వాడాలి. మార్చి ఎండల్లోనే కాదు, నవంబరు ముసురులోనూ కొలవాలి. బయటికొచ్చిన నీటిలో నిరోధక బ్యాక్టీరియాను కూడా లెక్కించి, ఫలితం బాగున్నా లేకున్నా ప్రజల ముందు పెట్టాలి. నగరపాలక సంస్థ స్థలం, కరెంటు ఇస్తే చాలు.

ఢిల్లీ చేయాల్సిన పని వేరే ఉంది. మందుల తయారీ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితి పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. వాటిని మళ్లీ చేర్చాలి, ఆస్పత్రుల మురుగుకూ వర్తింపజేయాలి.