మూడు నెలల అద్దె, ఇరవై ఏళ్ల సంసారం

ఉద్యోగం పని మీద మూడు నెలలు వేరే దేశంలో ఉండాల్సి వస్తుంది. పిల్లలకీ సెలవులే కాబట్టి ఇంటిల్లిపాదీ బయల్దేరతారు. అన్నాళ్లు ఇల్లు ఊరికే తాళం వేసి ఉంచడం ఎందుకు, సామాన్లతో సహా ఎవరికైనా ఇస్తే ప్రయాణం ఖర్చులైనా వస్తాయి కదా అనిపిస్తుంది. లెక్క కూడా బాగానే తేలుతుంది. ఖాళీ ఇంటికంటే ఫర్నిష్డ్ ఇంటికి అద్దె ఎక్కువ, ఏడాది అగ్రిమెంటుకంటే రెండు మూడు నెలలకిచ్చే ఇంటికి నెలవారీ అద్దె ఇంకా ఎక్కువ. ఆ లెక్కలోకి ఎక్కనిది చాకిరీ. మనం కాపురముంటున్న ఇంటిని ఇంకొకరు కాపురముండగలిగే ఇల్లుగా మార్చడానికి పట్టే పని నెలకిచ్చినా అంతే, ఏడాదికిచ్చినా అంతే. ఏడాది అద్దె మీద పంచితే అది కనబడదు. రెండు నెలల మీద పంచితే నడుం విరుగుతుంది.

నమ్మకం లేకపోతే వంటగదిలో ఒక సొరుగు లాగి చూడండి. స్పూన్ల కింద అయిపోయిన బ్యాటరీలు, గడువు తీరిన వారంటీ కార్డు, ఏ తాళానిదో తెలియని తాళంచెవి, సగం వాడిన మాత్రల షీటు. మనకవి కంటికి ఆనవు. వచ్చేవాళ్లకు మాత్రం అవే ముందు కనిపిస్తాయి. బీరువాల్లో సగమైనా ఖాళీ చేయకపోతే ఆ మూడు నెలలూ వాళ్లు సూట్‌కేసులోంచే బట్టలు తీసుకుంటూ గడపాలి.

ఇళ్లకు అలవాట్లు కూడా ఉంటాయి. వెనక తలుపు కాస్త పైకెత్తి లాగితేగానీ గడియ పడదు. వాషింగ్ మెషిన్ మూత రెండు క్షణాలు అదిమి పట్టుకోకపోతే తిరగదు. ఇవి లోపాలన్న సంగతే ఇంట్లోవాళ్లు ఎప్పుడో మర్చిపోయారు, చేతులు వాటంతటవే చూసుకుంటాయి. కొత్తవాళ్లకు అది తెలియక మొదటి రాత్రే ఫోన్ చేస్తారు. అప్పటికి మనం విమానంలో ఉంటాం. ప్రకటన ఇచ్చే ముందు ఇంటివాళ్లు ఒక రోజంతా సొంతింట్లోనే అతిథుల్లా గడిపి, తడబడిన ప్రతిచోటా ఒక చీటీ రాసుకుంటే మేలు. ఏ ఏజెంటూ ఈ పని చేసిపెట్టడు.

అసలు ఫర్నిష్డ్ అంటే ఎంత? ఫ్రాన్స్ 2015లో దీనికి ఒక జాబితానే కట్టింది. కాపురానికిచ్చే ఫర్నిష్డ్ ఇంట్లో కనీసం ఉండాల్సినవి 11. పక్క, కప్పుకునేది, పడకగది కిటికీకి వెలుతురు ఆపే తెర, పొయ్యి, ఫ్రిజ్, గిన్నెలు, బల్ల, కుర్చీలు, దీపాలు, చివరికి ఇల్లు శుభ్రం చేసుకునే సామాను కూడా అందులో ఉన్నాయి. సోఫా లేదు, టీవీ లేదు. ఆ జాబితా రాసినవాళ్లెవరో అద్దె ఇళ్లలో ఉండి వచ్చినవాళ్లే అయ్యుండాలి. ఇంటివాళ్లు ఫొటోల్లో సోఫానే చూపిస్తారు. ఉండేవాళ్లు వెతికేది తెగే కత్తినీ, తలదిండునీ.

ఇక తాళం వేసిన గది. విలువైనవన్నీ ఒక గదిలో సర్ది తాళం వేసుకోవడం తప్పేమీ కాదు, నేనైనా అదే చేస్తాను. కానీ మూడు గదులు వాడుకోనిచ్చి నాలుగు గదుల అద్దె అడగడం అన్యాయం. మరీ కొందరు ఇల్లు భద్రంగా ఉందో లేదో చూసుకుందామని లోపల కెమెరా వదిలి వెళ్తారు. దీన్ని జాగ్రత్త అనలేం, తొంగిచూడటమే. ఇళ్లను ఆన్‌లైన్‌లో అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ప్రపంచమంతటా ఇళ్ల లోపల కెమెరాలను నిషేధించింది. అంతవరకు ఆగాల్సి రావడమే వింత.

డిపాజిట్ దగ్గర మొదలయ్యే గొడవంతా పాతదానికి కొత్తదాని ధర కట్టడంలోనే ఉంది. ఎనిమిదేళ్ల పరుపు మీద మరక పడింది. ఇంటావిడకు అది కొన్ననాటి పరుపే. అద్దెకున్నాయనకు అది ఎలాగూ నడుం నొప్పి తెప్పించిన పరుపు. బ్రిటన్‌లో ఇలాంటి తగాదాలు తేల్చేవాళ్లు వాడుకలో అరుగుదల తీసేసి మిగిలిన విలువే ఇప్పిస్తారు. ఫ్రాన్స్ ఇంకో అడుగు ముందుకేసింది. చదువుకో, తాత్కాలిక ఉద్యోగానికో వచ్చేవాళ్ల కోసం 2018లో తెచ్చిన ఒకటి నుంచి పది నెలల ఫర్నిష్డ్ ఒప్పందంలో డిపాజిట్ అన్నదే తీసుకోకూడదు. పోతే బాధపడే వస్తువు ఇంట్లో ఉంచకపోవడమే ఈ గొడవకు మందు. ఏ డిపాజిట్టూ ఆ బాధకు సరిపోదు.

వీటన్నిటికంటే చిక్కయినది చట్టం. మహానగరాలు ఇప్పుడు రాత్రులు లెక్కపెడుతున్నాయి. లండన్‌లో ప్రత్యేక అనుమతి లేకుండా స్వల్పకాలానికిస్తే ఏడాదికి 90 రాత్రులు, ఆమ్‌స్టర్‌డామ్‌లో సొంత నివాసాన్ని పర్యాటకులకిస్తే ఎక్కువలో ఎక్కువ 30, జపాన్‌లో 2018లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం 180 రోజులు. పది ఫ్లాట్లు కొని హోటళ్లలా నడిపేవాళ్లను ఆపడానికి పెట్టిన రూల్స్ ఇవి. అది సబబే. ఏడాదికోసారి కొద్దిరోజులు ఊరెళ్లే కుటుంబానికి ఈ కోటా సరిపోతుంది కూడా. చిక్కు న్యూయార్క్ లాంటి చోట వస్తుంది. అక్కడ ఇంటివాళ్లు లేకుండా 30 రోజుల లోపు అద్దెకివ్వడం కుదరదు. 2023 సెప్టెంబర్ నుంచి రిజిస్ట్రేషన్ లేకుండా ఆన్‌లైన్ వేదికలు 30 రోజుల లోపు బుకింగే తీసుకోవు. పోనీ నెల దాటి ఇద్దామా అంటే, 30 రోజులు వరసగా ఉన్నవాళ్లను కోర్టుకెళ్లకుండా ఖాళీ చేయించలేరు. అటు చూస్తే పర్యాటక చట్టం, ఇటు చూస్తే అద్దెదారుల చట్టం. మూడు నెలల కోసం ఇల్లిచ్చే కుటుంబం ఈ రెంటి మధ్య నిలబడుతుంది. ఆ కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టాలు అరుదు. కాబట్టి అగ్రిమెంటులో ఇది మేం కాపురముండే ఇల్లు, ఫలానా తేదీకి తిరిగొస్తున్నాం అన్న ముక్క విడిగా రాయించుకోవాలి. దానివల్ల అన్నిచోట్లా రక్షణ దొరుకుతుందని కాదు, అసలు రాసి లేకపోతే ఎక్కడా దొరకదు. బీమా సంగతీ ముందే అడిగి తెలుసుకోవాలి. తలుపు పగలగొట్టకుండా జరిగిన దొంగతనానికి, అంటే మనమే తాళాలిచ్చినవాళ్లు చేసినదానికి, చాలా పాలసీలు పైసా ఇవ్వవు.

ఎవరికివ్వాలి అంటే, నా ఓటు సొంతిల్లు బాగుచేయించుకుంటూ మూడు నెలలు తలదాచుకునే చోటు వెతికే కుటుంబానికి. వాళ్లకూ ఒక ఇల్లుంది, దాన్లోనూ పనివాళ్లెవరో తిరుగుతున్నారు. గోడకు మేకు కొట్టేముందు ఒకసారి ఆగుతారు.

అన్నీ సరిగ్గా చేసినవాళ్లు కూడా పొరబడేది తేదీల దగ్గర. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసే రోజునే తిరుగు ప్రయాణం టికెట్లు కొంటారు, రెండు రోజుల అద్దె పోతుందని. తీరా అర్ధరాత్రి నిద్రమొహాల పిల్లలతో, ఎనిమిది పెట్టెలతో గుమ్మంలో దిగేసరికి అవతలివాళ్లు ఇంకా సామాన్లు సర్దుకుంటుంటారు. ఆ వేళప్పుడు గిన్నెలు లెక్కపెట్టి జాబితాలో టిక్కులు పెట్టే ఓపిక ఎవరికుంటుంది? ఏం చూడకుండానే సంతకం పెట్టేస్తారు.