దేవుణ్ణి నిలదీసే హక్కు భక్తుడికి ఉంది

ఇంటికి పెద్ద దిక్కు పోయినప్పుడో, బిడ్డ జబ్బు నయమయ్యేది కాదని తేలినప్పుడో, అప్పటిదాకా పూజ తప్పనివారి నోట కూడా ‘అసలు దేవుడున్నాడా, ఉంటే మా మీద ఇంత కక్ష ఎందుకు’ అన్న మాట వస్తుంది. పరామర్శకు వచ్చినవారు ‘అపచారం, అలా అనకూడదు’ అని వెంటనే వారిస్తారు. పూర్వజన్మ కర్మ అని ఒకరు, దేవుడు పరీక్ష పెడుతున్నాడని మరొకరు సర్దిచెబుతారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ వారింపు, కష్టంలో ఉన్న మనిషికి దేవుడితో మాట్లాడేందుకు మిగిలిన ఒక్క దారినీ మూసేస్తుంది. సందేహం వచ్చిందంటే విశ్వాసం పోయినట్టేనని మనం నమ్ముతున్నాం. మన భక్తి సాహిత్యం మాత్రం అలా నమ్మలేదు.

పోతన గజేంద్రుడు మొసలి పట్టులో సత్తువ ఉడిగిపోయాక, దేవుడు దీనుల పట్ల ఉన్నాడంటారు, యోగుల పట్ల ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు అని తలపోసి, చివరికి ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అనేస్తాడు. ‘నీవే తప్ప’ అనే శరణాగతి పద్యం దాని తరువాతే వస్తుంది. రెండింటినీ కంఠస్థం చేసిన మనం, మొదటి పద్యంలోని సందేహాన్ని దాటకుండా గజేంద్రుడు రెండో పద్యానికి చేరలేదన్న సంగతిని అంతగా పట్టించుకోం.

ఇంకా సూటిగా మాట్లాడినవాడు రామదాసు. నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న, గోల్కొండను అబుల్ హసన్ తానీషా ఏలిన కాలంలో (1672-1687) భద్రాచలం ప్రాంతానికి తహసీల్దారుగా పనిచేశాడు. తానీషా కొలువులో మంత్రులైన అక్కన్న, మాదన్నలకు ఆయన మేనల్లుడని చెబుతారు. సర్కారుకు చేరవలసిన శిస్తు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి, నగలు చేయించి, ఆ నేరానికి గోల్కొండ కోటలో ఖైదయ్యాడు. చెర పన్నెండేళ్లన్నది సంప్రదాయం చెప్పే లెక్క. ఆ సొమ్మును అలా ఖర్చు చేయడం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, అది జరగవలసిన చర్చే. ఇక్కడ మనకు కావలసింది చెరలో ఆయన దేవుడితో మాట్లాడిన తీరు.

‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనను పాటగా విని ఊరుకోకుండా మాటమాటా చదివితే, అందులో ఒక రెవెన్యూ ఉద్యోగి దాఖలు చేసిన ఖర్చుల పద్దు కనిపిస్తుంది. ప్రాకారం కట్టించాను, సీతమ్మకు చింతాకు పతకం చేయించాను, నీకు కలికితురాయి చేయించాను అంటూ వస్తువు వస్తువుకూ లెక్క చెప్పి, ఇదంతా నీ తండ్రి దశరథుడు పెట్టాడా, మామ జనకుడు పంపాడా, ఎవరబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావని రాముణ్ణే అడుగుతాడు. అంతలోనే ‘అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు’ అని వేడుకుంటాడు. గమనించవలసిందేమిటంటే, ఆయన అన్న మాటను వెనక్కి తీసుకోలేదు. ఈ దెబ్బలకు ఓర్వలేక తిట్టానని కారణం మాత్రం చెప్పాడు. తన తిట్టులోని నొప్పిని రాముడు అర్థం చేసుకోగలడన్న నమ్మకం లేకపోతే ఆ సంజాయిషీకి అర్థమే లేదు. ‘పలుకే బంగారమాయెనా’ అని దేవుడి మౌనం మీద ఫిర్యాదు చేసినప్పుడు కూడా ‘చక్కని తండ్రి’ అనే పిలుస్తూ, ఇసుకలో పొరలిన ఉడుతను కరుణించిన సంగతిని సాక్ష్యంగా ముందు పెడతాడు. బదులు వస్తుందన్న ఆశ పూర్తిగా చచ్చిన మనిషి, బదులు రాలేదని ఇంతగా అలగడు.

అయితే ఈ కథను ఇక్కడితో ఆపితే కష్టంలో ఉన్నవారికి అన్యాయం చేసినట్టే. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి తానీషాకు బాకీ చెల్లించారని, గోపన్న విడుదలయ్యాడని చెప్పుకుంటాం. గజేంద్రుడి కోసం విష్ణువు వచ్చాడు. మరి ఎవరూ రాని సందర్భాల మాటేమిటి? 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది ప్రాణాలు పోయాయి. ఆ నీళ్లలో రాముణ్ణి పిలిచినవారూ, యేసును పిలిచినవారూ, అల్లాను పిలిచినవారూ ఉండే ఉంటారు. వారి పిలుపులో భక్తి తక్కువైందని అనగలిగినవారితో నాకు వాదన లేదు, బాధ మాత్రమే ఉంది. రక్షణ కథలు ఆశ ఇస్తాయి, నిజమే. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి మాత్రం అవే కథలు ‘నీ మొర సరిపోలేదు’ అన్న నేరారోపణలా వినిపిస్తాయి.

బదులు రాకపోయినా నిలిచే నమ్మకం ఎలా ఉంటుందో మదర్ థెరిసా జీవితంలో చూడవచ్చు. ఆమె 1997లో కన్నుమూసిన పదేళ్లకు, 2007లో ఆమె ఉత్తరాలు ప్రచురితమయ్యాయి. కలకత్తా వీధుల్లో సేవ మొదలుపెట్టిన తొలి కాలం నుంచీ దశాబ్దాలపాటు దేవుడి ప్రేమ తనకు అనుభవంలోకి రాలేదని, లోపలంతా చీకటిగా ఉందని ఆమె తన ఆధ్యాత్మిక గురువులకు రాసుకున్నారు. అయినా ప్రార్థన మానలేదు, మరణశయ్య మీద ఉన్నవారి దగ్గరకు వెళ్లడమూ మానలేదు. ఈ సంగతులన్నీ లోకానికి తెలిశాకే కేథలిక్ చర్చి 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. అంటే ఆ చీకటిని ఆమె పవిత్రతకు మచ్చగా లెక్కించలేదన్నమాట. ప్రేమను అనుభవించడం, ప్రేమను నమ్మడం ఒకటే కావని, రెండోది మొదటిది లేకుండానే చాలాకాలం నడవగలదని ఆ ఉత్తరాలు చదివాక నాకు అనిపిస్తోంది. అది సులువని నేను అనను. అందరూ అలా ఉండాలని అడిగే హక్కు కూడా ఎవరికీ లేదు.

ఇక పరామర్శకు వెళ్లేవారి సంగతి. బైబిల్లోని యోబు గ్రంథంలో సంతానాన్నీ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వస్తారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చుంటారు; వారు చేసిన మేలంతా అదే. నోరు విప్పిన దగ్గరనుంచీ దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని, నీవు ఏదో పాపం చేసే ఉంటావని యోబును నొప్పిస్తారు. యోబు మాత్రం తన పుట్టుకనే శపించుకుంటాడు, దేవుడు తనకు అన్యాయం చేశాడంటాడు, తనతో వ్యాజ్యానికి రమ్మని పిలుస్తాడు. యోబుకు జవాబుగా వచ్చిన ప్రశ్నలూ మెత్తనివేమీ కావు. భూమికి పునాదులు వేసిననాడు నీవెక్కడున్నావని దేవుడు అతణ్ణి గద్దిస్తాడు. కానీ చివరిదైన 42వ అధ్యాయంలో దేవుడి కోపం యోబు మీద కాక, తనను వెనకేసుకొచ్చిన స్నేహితుల మీద రగులుతుంది. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదని వారితో అంటాడు. ఆ ముగ్గురి క్షమాపణ కోసం ప్రార్థించే పనిని కూడా, తనను అంతగా నిలదీసిన యోబుకే అప్పగిస్తాడు.