స్కాట్లాండ్‌లోని ఫోర్టింగల్ ఊరి యూ చెట్టు గారికి, గోడ బయటి నుంచి

అయ్యా,

లేదా అమ్మా. వేల ఏళ్ళు మగచెట్టుగా చలామణి అయ్యి, 2015లో ఉన్నట్టుండి ఒక కొమ్మకి ఎర్రటి పళ్ళు కాయించుకున్నారు కదా, ఏమని పిలవాలో తెలియక రెండూ రాశాను. కోపం తెచ్చుకోకండి. ఆ వంతు నాది.

మొన్న శనివారం వానలో వచ్చింది మేమే. మంకీ క్యాప్, చేతిలో పులిహోర డబ్బా, ఆయన మా నాన్న. గుడివాడ నుంచి వచ్చి నెలయింది. ఎడిన్‌బరో నుంచి మీ దాకా రెండు గంటలు. అందులో చివరి ముక్క ఒక కారే పట్టే దారి. ట్రాక్టర్ ఎదురొచ్చినప్పుడల్లా నేనే వెనక్కి నడిపాను. పోనీలెండి, తిరుమల క్యూలో కూర్చున్న వంశం మాది.

తీరా చర్చి ఆవరణలో మీ రాతిగోడ దగ్గర నిలబెట్టి "ఇదే నాన్నా" అన్నాను. ఆయన చువ్వల్లోంచి ఎడమకి చూశాడు, కుడికి చూశాడు.

"ఏదిరా చెట్టు?"

అయిదు రోజులైంది, ఆ మాట చెవిలోంచి పోవడం లేదండీ. 1769లో కొలిచినప్పుడు మీ చుట్టుకొలత 16 మీటర్లట. పదిమంది చేతులు కలిపితే గానీ అందని మాను. దారంతా నాన్నకి అదే ఊదరగొట్టాను. ఇప్పుడున్నది విడివిడిగా నిలబడ్డ కొన్ని మోడులు, వాటి మీద పచ్చటి గుబురు. ఆ 16 మీటర్లు ఎక్కడిదాకా ఉండేవో తెలియడానికి నేలలో మేకులు పాతారు. మేకులు! ఇల్లు పడిపోయాక ముగ్గు పోసి "ఇది హాలు, ఇది వంటిల్లు" అని చూపించినట్టు.

వయసు అడిగితే అదో దాటవేత. రెండు వేలంటారు, మూడు వేలంటారు, అయిదు వేలన్నవాళ్ళూ ఉన్నారు. మా నాన్నకి రెండు పుట్టినరోజులు, సర్టిఫికెట్‌లోది ఒకటి, అసలుది ఒకటి. మీకు సర్టిఫికెట్టే లేదు. వలయాలు లెక్కపెడదామంటే నడిమి చేవంతా పుచ్చిపోయి, సాక్ష్యం మీరే మింగేశారు.

మీ ఊరూ అంతే. యేసుకి శిలువ వేయించిన రోమన్ అధికారి పిలాతు ఇక్కడే పుట్టాడని చెప్పుకుంటారు. రోమన్లు ఈ గడ్డ మీద కాలు పెట్టేసరికి ఆయన యూదయలో ఉద్యోగం వెలగబెట్టి దిగిపోయి కూడా నలభై ఏళ్ళు! ఇక ఓడల వ్యాపారి డొనాల్డ్ కరీ కట్టించిన గడ్డికప్పు ఇళ్ళు చూపిస్తే నాన్న పెదవి విరిచాడు. "పూరిళ్ళేగా. వీటికి పెట్రోలా?" పొలంలో ఉన్న ప్లేగు మృతుల దిబ్బ దగ్గర మాత్రం ఆగాడు. ఒక ముసలావిడ తెల్లగుర్రంతో శవాలు లాగించుకొచ్చిందట అని చెబితే, "ఆవిడ్ని ఎవరు తీసుకొచ్చి పూడ్చారో?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మళ్ళీ మీ దగ్గరికే వచ్చాం. నేను ఫోన్ చూసుకుంటుంటే నాన్న చువ్వల్లోంచి చెయ్యి పెట్టి రెమ్మ తుంచబోయాడు.

"నాన్నా! విషం అది!"

"తింటానా ఏంటి? దేవుడి దగ్గర పెడదామని. ఒక్క రెమ్మకి ఏమైపోద్ది?"

అదిగో, అక్కడ వెలిగింది నాకు. పుచ్చిపోయింది పోగా మిగిలినదంతా ఈ "ఒక్క రెమ్మ" గాళ్ళే తిన్నారు. పూర్వం మీ మాను చెక్కి తాగే కప్పులు చేసుకుపోయారు. పండక్కని మీ మొదలు దగ్గరే మంటలు వేశారు. ఇప్పుడు కొమ్మలకి రిబ్బన్లు కడుతున్నారు, గుర్తుగా కొమ్మలు విరుచుకుపోతున్నారు. సిగ్గులేని జనం! 1785లో గోడ కట్టినా బుద్ధి రాలేదు. ఆ జనంలో మా నాన్న ఒకడు. ఆయన్ని తీసుకొచ్చింది నేను. నాన్న చెయ్యి వెనక్కి తీసుకుని, ప్యాంటుకి తుడుచుకుని, గోడ చుట్టూ వీలైనంత మేర ప్రదక్షిణ చేశాడు.

అన్నట్టు, ఇంటికొచ్చాక తెలిసింది. మీ కొమ్మల అంట్లు మా ఎడిన్‌బరో బొటానిక్ గార్డెన్ కంచెలో పెరుగుతున్నాయట. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే బస్సులో వెళ్ళొచ్చేవాళ్ళం కదండీ!

నిన్న రాత్రి నాన్న గుడివాడకి వీడియో కాల్ చేశాడు. "క్రీస్తు పుట్టకముందు చెట్టు బావా! ఇంత లావు!" అంటూ చేతులు చాచాడు. చాలలేదు. ఫోన్ నాకిచ్చి, లేచి నిలబడి మళ్ళీ చాచాడు.

ఇట్లు,
వెనక్కి నడిపినవాడు