సవరణ: పోలిక జంటల్లో పదాల వరుస

ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల కోసం పెట్టిన పోలిక జంటల పోస్టులో ‘పక్షి : ఈక :: పొలుసు : చేప’ సరైన జవాబే అని, జంటలో ఏ పదం ముందున్నా ఫర్వాలేదని రాశాను. అది తప్పు. ‘పక్షి : ఈక :: చేప : పొలుసు’ అని ఉండాలి, అంటే పక్షికి ఈక ఎలాగో చేపకు పొలుసు అలాగ. తర్కం, భాషాభ్యాసాల పుస్తకాలు సాధారణంగా పాటించే నియమమే ఇది: మొదటి జంట ఏ వరుసలో ఉంటే రెండోదీ అదే వరుసలో ఉండాలి.

పిల్లల చేత ఒక వాక్యం చెప్పిస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది. ‘పక్షి ఒంటిని ఈకలు కప్పుతాయి.’ అదే వాక్యంలో రెండో జంట పెట్టండి: ‘చేప ఒంటిని పొలుసులు కప్పుతాయి.’ కుదిరింది. నేను రాసిన వరుసలో పెడితే ‘పొలుసు ఒంటిని చేపలు కప్పుతాయి’ అని వస్తుంది, క్లాసంతా నవ్వుతుంది! వాక్యం మాత్రం కచ్చితంగా ఉండాలి. ‘పక్షికీ ఈకకీ సంబంధం ఉంది’ లాంటి వదులు వాక్యంలో ఏ జంటైనా పట్టేస్తుంది.

రెండు జంటల్నీ కలిపి తిప్పితే ఇబ్బంది లేదు: ‘ఈక : పక్షి :: పొలుసు : చేప’. మధ్య పదాల్ని మార్చుకున్నా నిలుస్తుంది: ‘పక్షి : చేప :: ఈక : పొలుసు’. ఒక్క జంటనే తిప్పితేనే చిక్కు.

ఆ పోస్టు ప్రింట్ తీసుకున్నవారు మూడో ప్రశ్న జవాబు దిద్దుకోండి. మిగతావి సరిగానే ఉన్నాయి.