కథ మళ్లీ మొదటికొచ్చింది

ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిని, ఇంటిల్లిపాదీ ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది శాండ్స్ ఆఫ్ టైమ్’ చూద్దామనుకోవడంలో తప్పేమీ లేదు. రిమోట్ బాబాయి చేతికివ్వడమే తప్పు.

2010లో వచ్చిన ఈ సినిమాకి మూలం 2003 నాటి వీడియో గేమ్. కథంతా ఓ బాకు చుట్టూ నడుస్తుంది. పిడి మీది మణి నొక్కితే లోపలి ఇసుక జారి కాలం వెనక్కి పోతుంది. గేమ్‌లో మహా అయితే 10 సెకన్లు, సినిమాలో ఒక నిమిషం. రిమోట్‌లో వెనక్కి బాణం ఒక్కసారి నొక్కినా 10 సెకన్లే. ఆ లెక్కన బాబాయి సినిమా చూడటం లేదు, గేమ్ ఆడుతున్నాడు.

అసలు వెనక్కి ఎందుకు తిప్పాలి? మాటలు వినపడవు కనక. ఆరు స్పీకర్లకి పంచే 5.1 సౌండ్‌లో డైలాగులు చాలావరకు మధ్య స్పీకర్‌కి కేటాయిస్తారు. మన టీవీకి ఉన్నవేమో రెండు బుల్లి స్పీకర్లు, అవీ నేలవైపో గోడవైపో తిరిగి అలిగినట్టుంటాయి. అంత శబ్దాన్నీ ఆ రెండింట్లో కుక్కేసరికి మాటలు గుసగుసలవుతాయి, కత్తులు పిడుగులవుతాయి. యువరాణి తమీనా ఏదో రహస్యం చెబుతోందని వాల్యూమ్ 18 నుంచి 40కి పెంచుతారు. పెంచీ పెంచగానే గుర్రాల దండు వచ్చిపడుతుంది. లోపలి గదిలో పసివాడు ఉలిక్కిపడి లేస్తాడు. తగ్గించేలోపు అసలు మాట కాస్తా అయిపోతుంది.

“ఏమందిరా ఆ పిల్ల?”

“ఏదో ఇసుకంటోంది నానమ్మా.”

సరే, వెనక్కి. బాబాయి నొక్కుతాడు. తెర ఉలకదు పలకదు. మళ్లీ నొక్కుతాడు, ఇంకా గట్టిగా. గట్టిగా నొక్కితే టీవీ భయపడుతుందని ఆయన నమ్మకం. చవక టీవీల్లో ప్రాసెసర్ నిదానం. వచ్చిన నొక్కులన్నీ వరసలో నిలబెట్టి, తీరిగ్గా ఒక్కపెట్టున అమలు చేస్తుంది. పది నొక్కులంటే 100 సెకన్లు. అంత వెనకటి ముక్క టీవీ దగ్గర దాచి ఉండకపోతే మళ్లీ నెట్‌లోంచే తెచ్చుకోవాలి. తొందరగా మొదలెట్టాలి కదా, ముందు నాసిరకం బొమ్మ తెస్తుంది. కాసేపు హీరో దస్తాన్‌గా వేసిన జేక్ జిలెన్‌హాల్ మొహం గళ్ల లుంగీలా కనిపిస్తుంది.

ఇంతలో దస్తాన్, తమీనా కొట్టుకుంటుంటే అతని వేలు మణి మీద పడుతుంది. తెర మీద జరిగినదంతా వెనక్కి పరిగెడుతుంది.

“మళ్లీ నొక్కారా?” అంటుంది పిన్ని.

“నేను ముట్టుకోలేదే!”

నిజంగానే ముట్టుకోలేదు. కానీ పెళ్లానికి ఆ సంగతి నమ్మకం కుదిరే చరిత్ర కాదాయనది. రోషం వచ్చి ముందుకి బాణం టకటకా నొక్కేస్తాడు. బాకు ఏం చేస్తుందో తెలిసే సన్నివేశం అలా గంగలో కలుస్తుంది. ఇక మిగతా సినిమా ఎవరికీ అర్థం కాదు.

తాతయ్య బాధ వేరు. రాజుగారి తమ్ముడు నిజామ్ వేషం బెన్ కింగ్‌స్లీది. 1982లో గాంధీగా వేసింది ఆయనే. కుట్రంతా ఈ నిజామ్‌దేనని బయటపడ్డా తాతయ్య ఒప్పుకోడు. “ఆయన అలాంటివాడు కాడ్రా, ఎవరో ఇరికించారు!” జీఎస్టీ లెక్కలు చూసే మావయ్యకేమో పన్ను ఎగ్గొట్టడానికి ఊరి మీద పుకార్లు పుట్టించిన షేక్ అమర్ ఒక్కడే నచ్చుతాడు. నిప్పుకోళ్ల పందెం దగ్గర మాత్రం అందరూ ఒక్కటవుతారు. దానికి డైలాగులతో పని లేదుగా.

మందు లేకపోలేదు. ఆడియో మెనూలో స్టీరియో ట్రాక్, అంటే రెండు స్పీకర్లకే సరిపడేది, ఉంటే అది పెట్టుకోవాలి. సౌండ్ మోడ్‌ని ‘సినిమా’ నుంచి తప్పించి, మాటల్ని పైకి తేల్చే మోడ్‌కి మార్చాలి. దాని పేరు ఒక్కో టీవీలో ఒక్కో రకంగా ఉంటుంది. సబ్‌టైటిల్స్ వేసుకోవాలి. వెనక్కి బాణం ఒకసారి నొక్కి, రెండు మూడు సెకన్లు చేతులు కట్టుకు కూర్చోవాలి. ఈ చివరిది బాబాయికి చెప్పే ధైర్యం ఎవరికుందో వాళ్లే చెప్పాలి.

116 నిమిషాల సినిమా దీపాలు పెట్టే వేళకి ముగింపుకొస్తుంది. ఆ ముగింపులో కాలం నిమిషం కాదు, ఏకంగా కథ మొదలైన చోటికే పోతుంది: అదే ఆలముత్ కోట, అదే రాత్రి, చేతిలో అదే బాకు. సరిగ్గా అప్పుడే నానమ్మకి కునుకు చెదురుతుంది.

“నేను కళ్లు మూసుకునేటప్పుడూ వీడు ఈ కోటలోనే ఉన్నాడు. ఇంతసేపూ ఏం చూశార్రా?”

అందరి చూపూ బాబాయి మీదికే. “ఈసారి కూడా నేను కాదు,” అంటూనే ఆయన ముందుకి బాణం నొక్కుతాడు. పేర్లు పడతాయి.