బూడిద రంగు నిజాయితీ

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా విభాగం సమావేశ మందిరంలో పదకొండు మంది పెద్దలు నా నిజాయితీకి చప్పట్లు కొట్టారు. నేను అంత నిజాయితీపరుణ్ణి కానని, ఆ చప్పట్లు నా గ్రాఫులో రంగులు చచ్చిపోయినందువల్ల మోగాయని ఎవరితో మొరపెట్టుకోవాలో నాకు ఇంకా తెలియడం లేదు.

వర్షపాతం లెక్కలున్న పెద్ద ఫైళ్లను చదివి సగటులు తీసే సాఫ్ట్‌వేర్ ఒకటి రాశాము, దాని మీద ఒక పేపర్ రాశాము, పత్రికకు పంపే ముందు కమిటీకి చూపించాలన్నది నియమం. పేపర్ ప్రాణమంతా రెండో బొమ్మలో ఉంది. అడ్డంగా ఫైళ్ల సంఖ్య, నిలువుగా పట్టిన సెకన్లు. అందరూ వాడే పాత ప్రోగ్రాముకు ఎరుపు గీత, మాదానికి ఆకుపచ్చ గీత. ఎరుపు పైన, ఆకుపచ్చ కింద. ఒక గీతను తుంపులుగా గీస్తే మంచిదేమోనని నేను అన్నప్పుడు మా గైడుగారు, “రంగులు నిండుగా ఉంటే చాలు, తుంపులు పెడితే గీత తెగినట్టు ఉంటుంది” అని తేల్చేశారు. ఈ మాట నేను గుర్తుపెట్టుకున్నాను. ఆయన పెట్టుకోలేదు.

కమిటీకి కాగితం ప్రతులు కావాలి. మా విభాగంలో రంగు ప్రింటుకు విభాగాధిపతి సంతకం కావాలి. సంతకానికి ఒక ఫారం నింపాలి. ఆ ఫారాలున్న బీరువా తాళంచెవి సెలవులో ఉన్న గుమాస్తాగారి జేబులో ఉంది. అందుచేత గేటు బయట జిరాక్సు షాపులో నలుపు తెలుపుల్లో పన్నెండు ప్రతులు తీయించి, స్టేపుల్ చేయించి, వాటిని తిప్పి కూడా చూడకుండా పట్టుకెళ్లాను.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పక తప్పదు. రంగును బూడిదగా మార్చేటప్పుడు సాధారణంగా ఎరుపుకు 30 పాళ్లు, ఆకుపచ్చకు 59, నీలానికి 11 చొప్పున తూకం వేస్తారు. నేను గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే ప్రోగ్రాములో ‘ఆర్’ అని ఒక్క అక్షరం రాస్తే వచ్చేది నిండు ఎరుపు, అంటే 0 నుంచి 255 దాకా ఉన్న కొలతలో 255. ‘జి’ అని రాస్తే వచ్చేది నిండు ఆకుపచ్చ కాదు, దానిలో సగం. తూచి చూస్తే ఎరుపు 76 దగ్గర, ఆకుపచ్చ 75 దగ్గర తేలతాయి. నలుపు నుంచి తెలుపు దాకా ఉన్న 256 మెట్లలో, నా రెండేళ్ల శ్రమకూ పాత ప్రోగ్రాముకూ మధ్య మిగిలినది ఒక్క మెట్టు. కావాలని కూర్చుని వెతికినా ఇంత పొంతన కుదిరిన జంట దొరకదు. జాతకాలు చూసేవాళ్లు కూడా ఇంత ఖచ్చితంగా కలపలేరు.

ఏ గీత ఎవరిదో చెప్పే లెజెండ్ పెట్టె ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది. అందులో ఒకే బూడిద రంగు గీత ముక్కలు రెండు, వాటి పక్కన రెండు పేర్లు ఉన్నాయి. పైగా మా గీతను ప్రోగ్రాములో ముందు గీశాను కాబట్టి పెట్టెలో మా పేరు పైన వచ్చింది. పేరు పైన ఉంటే గీత కూడా పైదే అనుకోవడం మనిషి స్వభావం. అక్షరాల సంగతి ఇంకా ఘోరం. పన్నెండు అంగుళాల వెడల్పున బొమ్మ గీసి, పేజీలో మూడున్నర అంగుళాల కాలమ్‌లోకి కుదించాను కనుక, పది పాయింట్ల అక్షరాలు మూడు పాయింట్లకు దిగి, నిలువు అక్షం పక్కన ‘సెకన్లు’ అన్న మాట చీమల బారులా పాకుతోంది.

కమిటీలో ఒక విశ్రాంత ఆచార్యులు ఉన్నారు. ఆయన జేబులో ఎప్పుడూ భూతద్దం ఉంటుంది. ఆయన ఆ కాగితాన్ని, బియ్యంలో రాళ్లు ఏరే ఇల్లాలు చేటను వెలుతురుకు తిప్పినట్టు, కిటికీ వైపు తిప్పి చాలాసేపు చూశారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తరువాత కళ్లజోడు తీసి, “నాయనా, మీ సాఫ్ట్‌వేర్ పాతదానికన్నా నెమ్మది అని మీరే బొమ్మ గీసి చూపించారు. నలభై ఏళ్లలో ఇలాంటి పేపర్ నేను చూడలేదు” అన్నారు, గొంతులో నిజంగానే ఆర్ద్రతతో.

ఆయన పక్కనున్న మేడం వెంటనే అడ్డుపడి, అదేమిటి సార్, వీళ్ల గీత అంత ఎత్తుకు వెళితే నెమ్మది అంటారేమిటి, ఎత్తుగా ఉన్నదే కదా మేలు అన్నారు. ఆమె దగ్గర భూతద్దం లేదు, ‘సెకన్లు’ ఆమెకు కనబడలేదు. మీరు గమనించాలి: పై గీత మాదనుకోవడం ఒక తప్పు, ఎత్తుంటే మేలనుకోవడం రెండో తప్పు, ఈ రెండు తప్పులూ శ్రద్ధగా చేసిన మేడం మా సాఫ్ట్‌వేరే వేగమైనదన్న సరైన నిర్ణయానికి వచ్చారు. అక్షం చదివి, ఒక్క తప్పు మాత్రమే చేసిన ఆచార్యులవారు పూర్తిగా బోల్తా పడ్డారు. ఇద్దరిలో ఎవరిని సమర్థించాలో తెలియక నేను నిలబడి, “సార్, ఆకుపచ్చ గీత మాది” అన్నాను.

పదకొండు తలలు కాగితాల మీదికి వంగాయి. పదకొండు మంది ఆకుపచ్చను వెతికారు. ఒకాయన పేజీ తిప్పి వెనక వైపు కూడా చూశారు.

నేను మూడో బొమ్మకు మళ్లించబోయాను గానీ అది ఇంకా చీకటిగా ఉంది. ఏ దశలో ఎంత మెమరీ పట్టిందో చూపే పటం అది. గైడుగారికి ఇంద్రధనుస్సు ఇష్టమని ‘జెట్’ రంగులు వేశాను. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో 2.0 వెర్షన్‌తోనే దాన్ని పక్కకు నెట్టి విరిడిస్ అనే మరో రంగుల వరుసను తెచ్చింది, నేనే పట్టుబట్టి పాతదాన్ని పిలిచాను. జెట్‌లో అట్టడుగున ముదురు నీలం, అన్నిటికన్నా పైన ముదురు ఎరుపు. నలుపు తెలుపుల్లో రెండూ నల్లబడి, మెమరీ ఏమీ పట్టని చోటూ కంప్యూటరు ఊపిరాడక కొట్టుకున్న చోటూ ఒక్కలాగే అమావాస్యగా ఉన్నాయి. ఆచార్యులవారు దాన్ని కూడా మెచ్చుకోబోతున్నారని అర్థమై నేను కూర్చున్నాను. అప్పుడే చప్పట్లు మొదలయ్యాయి. మొదట కొట్టింది మా గైడుగారే.

మినిట్స్ నిన్న వచ్చాయి. నాలుగో అంశంగా, తమ సాఫ్ట్‌వేర్ నెమ్మదిని దాచకుండా వెల్లడించిన రచయితల నిజాయితీని కమిటీ అభినందించిందని రాశారు. దాన్ని సవరించాలంటే కమిటీ మళ్లీ కూర్చోవాలట. ఈలోగా నేను బొమ్మను మూడున్నర అంగుళాల్లోనే మళ్లీ గీసి, పాత గీతను తుంపులు చేసి, లెజెండ్ పెట్టె తీసేసి, పేర్లను గీతల కొసనే రాశాను. గైడుగారు చూసి, ఇది నేను మొదటినుంచీ చెబుతున్నదే కదా అన్నారు. ఎందుకైనా మంచిది, ఈసారి రంగుల్లోనే తీయించమన్నారు. సెలవు ముగించుకుని వచ్చిన గుమాస్తాగారిని ఫారం అడిగాను. ఫారాలు అయిపోయాయట. కొత్తవి ప్రింటు తీయాలట. ఫారం మీద విశ్వవిద్యాలయం ముద్ర రంగులో ఉంటుంది కాబట్టి, దానికి ముందు విభాగాధిపతి సంతకం కావాలట.