ముప్పాతిక మహారాజు

మన దగ్గర నూటికి 75 వస్తే డిస్టింక్షన్. కాలేజీకి 75 శాతం రోజులు వెళ్తే హాల్ టికెట్ చేతికొస్తుంది. మేడ మూడంతస్తులు లేచి, నాలుగోది ఇనుప చువ్వలతో ఆకాశంలోకి చూస్తుండగానే గృహప్రవేశం చేసి భోజనాలు పెట్టేస్తాం. ముప్పాతిక అయితే అయిపోయినట్టేనన్న ఈ ఇంగితం గోల్ఫ్ పెద్దలకు లేకపోవడం వల్ల ఒక మనిషికి నలభై ఏళ్లుగా అన్యాయం జరుగుతోంది. అతని పేరు గ్రెగ్ నార్మన్.

గోల్ఫ్‌లో మేజర్లు ఏడాదికి నాలుగు: మాస్టర్స్, యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్, పీజీఏ ఛాంపియన్‌షిప్. ఒక్కోటి నాలుగు రోజులు, రోజుకు 18 హోల్స్, అంటే బంతిని వేయాల్సిన 18 గుంతలు, వెరసి 72. ఒక్కో దెబ్బ ఒక స్ట్రోక్, అందరికన్నా తక్కువ స్ట్రోకుల్లో ముగించినవాడిదే గెలుపు. శనివారం పొద్దుగూకేసరికి 54 అవుతాయి. లెక్క చూసుకోండి, సరిగ్గా ముప్పాతిక. ఆ వేళకి నార్మన్ పేరు ఒంటరిగానో మరొకరితో కలిసో స్కోరు బోర్డు పైన ఉన్న మేజర్లు 8. వాటిలో కప్పు ఇంటికొచ్చినవి 1. 1993లో బ్రిటిష్ ఓపెన్ కూడా గెలిచిన మాట నిజమే. అయితే అప్పుడు శనివారం రాత్రికి అతను ఒక స్ట్రోక్ వెనక ఉన్నాడు, ఆదివారం 64 కొట్టి గెలిచాడు. కనుక అది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

అర్హతలకేం లోటు లేదు. 1955లో ఆస్ట్రేలియాలో మౌంట్ ఐసా అనే గనుల ఊళ్లో పుట్టాడు. హ్యాండిక్యాప్ 3 ఉన్న, అంటే బాగా ఆడగలిగే తల్లికి గోల్ఫ్ సంచి మోస్తూ పదిహేనేళ్ల ప్రాయంలో ఆట పట్టాడు. గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ పుస్తకాలు ముందు పెట్టుకుని స్వింగ్ దిద్దుకున్నాడు. ప్రపంచ నంబర్ వన్ కుర్చీలో 331 వారాలు కూర్చున్నాడు; అంతకన్నా ఎక్కువ కూర్చున్నది టైగర్ వుడ్స్ ఒక్కడే. 1994 ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌లో 72 హోల్స్ 264 స్ట్రోకుల్లో ముగించాడు, పార్ (కోర్సుకి, ఒక్కో హోల్‌కి ఇన్ని చాలని పెట్టిన స్ట్రోకుల లెక్క) కన్నా 24 తక్కువ. మన వాదనకు ఇది కాస్త ఇబ్బందికరమైన సాక్ష్యం కాబట్టి దీన్నీ పక్కన పెడదాం.

పంచనామా 1986తో మొదలవ్వాలి. ఆ ఏడాది నాలుగు మేజర్లలోనూ శనివారం రాత్రి నార్మనే ముందు. ఏప్రిల్‌లో మాస్టర్స్ ఆడే ఆగస్టా. ఆదివారం 14 నుంచి 17 దాకా వరసగా నాలుగు బర్డీలు (బర్డీ అంటే పార్ కన్నా ఒకటి తక్కువ) కొట్టి, 46 ఏళ్ల నిక్లాస్‌ని అందుకున్నాడు. 18లో పార్ చేస్తే ప్లేఆఫ్, అంటే సమానంగా నిలిచినవాళ్ల మధ్య తేల్చే అదనపు ఆట. నాలుగో నంబర్ ఐరన్‌తో కొట్టిన బంతి గుంత ఉండే నున్నటి పచ్చిక, అంటే గ్రీన్‌ని వదిలేసి కుడివైపు జనంలోకి వెళ్లింది. బోగీ. అంటే పార్ కన్నా ఒకటి ఎక్కువ. పుస్తకం రాసిన గురువుగారే గెలిచారు. ఆ చివరి పాఠం శిష్యుడి ప్రతిలో ఎలకలు కొట్టేసి ఉండాలి.

బంతి కుడికే ఎందుకు పోయిందో చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో విధి పాత్ర తక్కువ, పాదం పాత్ర ఎక్కువ. నార్మన్ క్లబ్బు దించేటప్పుడు నడుము లక్ష్యం వైపు ముందే దూసుకుపోతుంది. వెనక పాదం నిలబడక దానితోపాటు నేల మీద జారుతూ వస్తుంది. చేతులు వెనకబడతాయి. క్లబ్బు ముఖం మూసుకోవలసిన క్షణానికి ఇంకా తెరిచే ఉంటుంది, కుడిచేతి ఆటగాడికి అలాంటి దెబ్బ తగిలిన బంతి కుడికే పోతుంది. గురువారం నాడు చేతులు నడుముని అందుకుంటాయి. ఆదివారం నాటి కంగారు ముందు నడుముకే తెలుస్తుంది.

జూన్‌లో యూఎస్ ఓపెన్: ఒక స్ట్రోక్ ముందు, ఆఖరి రోజు 75, కప్పు 43 ఏళ్ల రేమండ్ ఫ్లాయిడ్‌కి. జులైలో టర్న్‌బెరీలో బ్రిటిష్ ఓపెన్: 5 స్ట్రోకుల తేడాతో గెలుపు. ఎనిమిదింటిలో ఆ ఒక్కటి ఇదే, సిద్ధాంతానికి దిష్టిచుక్కలా. ఆగస్టులో పీజీఏ: 4 ముందు. ఆదివారం వాన కురిసి ఆట సోమవారానికి వాయిదా పడింది. వారం మారింది గానీ వరస మారలేదు: నార్మన్ 76, బాబ్ ట్వే ఆఖరి హోల్‌లో ఇసక బంకర్ లోంచి కొట్టిన బంతి నేరుగా గుంతలో పడింది. ఎనిమిది నెలలకు ఆగస్టా ప్లేఆఫ్‌లో లారీ మైజ్ దాదాపు 140 అడుగుల దూరం నుంచి అదే పని చేశాడు. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు వరసగా మీ ఇంటిముందే లాటరీ టికెట్ గీకి లక్షలు తగిలించుకున్నట్టు.

ప్లేఆఫ్‌ల సంగతంటారా, అదొక చార్‌ధామ్ యాత్ర. 1984లో యూఎస్ ఓపెన్, 1987లో మాస్టర్స్, 1989లో బ్రిటిష్ ఓపెన్, 1993లో పీజీఏ. నాలుగు క్షేత్రాల్లోనూ ప్లేఆఫ్‌లో ఓడిన పుణ్యం అంతకుముందు క్రెయిగ్ వుడ్ అనే ఆటగాడికే దక్కింది. వీటిలో 1989 బ్రిటిష్ ఓపెన్ జరిగిన ట్రూన్‌ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించాలి. నాలుగు హోల్స్ ప్లేఆఫ్. మొదటి రెండూ బర్డీలు, మూడోది బోగీ. మూడు అయ్యేసరికి మార్క్ కాల్కవెక్కియాతో సమానంగా బోర్డు పైన ఉన్నాడు. అంటే ఇక్కడా ముప్పాతిక! నాలుగో దాంట్లో డ్రైవర్ అనే పొడుగు క్లబ్బుతో దెబ్బ ఎంత బాగా కుదిరిందంటే, అక్కడిదాకా బంతి రాదనుకున్న బంకర్‌లో పడింది. అక్కడినుంచి ఇంకో బంకర్‌కి, అక్కడినుంచి గ్రీన్ దాటి హద్దు బయటికి. ఆ హోల్ పూర్తి చేయనేలేదు. మిగిలిన పావు అనవసరమని అంతకన్నా నిక్కచ్చిగా ఎవరూ చెప్పలేరు.

ఇక 1996 మాస్టర్స్. గురువారం 63, కోర్సు రికార్డుకి సమానం. తర్వాత 69, 71. నిక్ ఫాల్డో కన్నా 6 ముందు. ఆదివారం 8 హోల్స్ అయ్యేసరికి అది 3కి తగ్గింది. తొమ్మిదో గ్రీన్ వెనకనుంచి ముందుకు వాలి ఉంటుంది. వెడ్జ్‌తో కొట్టిన బంతికి ఎలాగూ వెనక్కి తిరిగే గుణం ఉంటుంది. రెండూ కలిస్తే బంతి జెండా అవతల పడాలి, ఇవతల పడితే ఆగదు. నార్మన్ బంతి కాస్త ఇవతల పడింది. మర్యాదగా వెనక్కి దొర్లి, గ్రీన్ దిగి, వచ్చిన దారినే ఫెయిర్‌వేలోకి వెళ్లిపోయింది. బోగీ. పదిలో బోగీ. పదకొండులో గ్రీన్ మీద మూడు పట్లు (గుంత వైపు మెల్లగా నెట్టే దెబ్బలు), బోగీ. పన్నెండో హోల్ 155 గజాలే. కానీ గ్రీన్ సన్నగా, ఏటవాలుగా పరుచుకుని ఉంటుంది: కుడికి వెళ్లేకొద్దీ ఇంకా దూరం కొట్టాలి. ఆదివారం జెండా కుడివైపే గుచ్చుతారు. దాన్ని చూడకుండా నడిమి బంకర్ మీదుగా గ్రీన్ మధ్యలోకి కొట్టడం పెద్దమనిషి లక్షణం. నార్మన్ బంతి జెండా వైపే వెళ్లి, గట్టుకు తగిలి, రేస్ క్రీక్ అనే వాగులో మునిగింది. డబుల్ బోగీ. ఈ నాలుగు హోల్స్‌లో ఫాల్డో ఏం చేశాడు? మజ్జిగన్నం తిన్నట్టు నాలుగు పార్‌లు చేశాడు. పదహారులో నార్మన్ బంతి మళ్లీ నీళ్లలోకి, ఈసారి ఎడమకి. కుడికే పోతుందని ఆడిపోసుకున్నవాళ్లకి అదొక జవాబు. ఒకరిది 78, ఇంకొకరిది 67. 6 ముందున్నవాడు 5 వెనక తేలాడు.

ఓటమిలో డబ్బుందని కనిపెట్టిన దూరదృష్టి కూడా అతనిదే. 'గ్రేట్ వైట్ షార్క్' అన్న బిరుదుని టోపీల మీద, చొక్కాల మీద, వైన్ సీసాల మీద అచ్చు వేయించాడు. చివరికి గడ్డి కూడా అమ్మాడు: జీఎన్-1 అనే సంకర జాతి బెర్ముడా గ్రాస్. బెర్ముడా గ్రాస్ అంటే మన గరిక. వినాయక చవితికి మనం గట్టు మీద ఊరికే పీక్కొచ్చే దానికి వంగడం పేరుపెట్టి స్టేడియాలకు పరిచినవాణ్ణి తెలివితక్కువవాడని ఎవరైనా అనగలరా?

కానీ అసలు సంస్కరణ అది కాదు. 1994లో సొంత ప్రపంచ టూర్ పెడతానని ప్రకటిస్తే పీజీఏ టూర్ అడ్డుపడి ఆపేసింది. 2021లో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి అండతో కొత్త లీగ్‌కి సీఈఓ అయ్యాడు. పేరు లివ్. అందులోని అక్షరాలు ఎల్, ఐ, వీ: రోమన్ అంకెల్లో 54. మూడు రోజులు, 54 హోల్స్, ఇంటికి పొండి. నాలుగో రోజన్నదే లేదు! మొదట్లో 48 మంది ఆటగాళ్లు, అందరూ ఒకేసారి వేర్వేరు హోల్స్ నుంచి మొదలు, మధ్యలో వడపోత లేదు. గెలిచినవాడికి 40 లక్షల డాలర్లు, అట్టడుగున మిగిలినవాడికి 1 లక్షా 20 వేలు. హాజరుకే మార్కులు.

అప్పుడే విలేకరులు జర్నలిస్టు జమాల్ ఖషోగీ హత్య గురించి అడిగితే, మనమందరం తప్పులు చేసినవాళ్లమేనన్న అర్థంలో జవాబిచ్చాడు. గోల్ఫ్‌లో బంతి నీళ్లలో పడితే ఒక స్ట్రోక్ జరిమానా కట్టి ఇంకో బంతితో ఆడుకోవచ్చు. ఆ నిబంధన ఎక్కడిదాకా వర్తిస్తుందో నార్మన్‌కి ఎవరూ చెప్పినట్టు లేదు. 2022లో సెయింట్ ఆండ్రూస్‌లో 150వ బ్రిటిష్ ఓపెన్ జరిగినప్పుడు పాత ఛాంపియన్ల విందుకి అతన్ని పిలవలేదు. రెండుసార్లు గెలిచినవాడికి ఒక విస్తరి దండగా?

2025 జనవరిలో అతని స్థానంలోకి కొత్త సీఈఓ వచ్చాడు. ఆ నవంబర్‌లోనే లీగ్ ఒక ప్రకటన చేసింది: 2026 నుంచి నాలుగు రోజులు, 72 హోల్స్. పేరు మార్చే సంగతి మాత్రం ఎత్తలేదు. బోర్డు మీద ఇంకా 54 అనే ఉంది.